ఇంటి కింద చలి

మా ఆయన కట్టించిన ఇళ్ళు నేల మీద ఆనవు. కాళ్ళ మీద నిలబడతాయి. "మీ ఆయన ఇళ్ళు బట్టలు పైకెత్తి పట్టుకుని వాగు దాటేవాళ్ళలా ఉంటాయమ్మా" అనేవారు మా అన్నయ్యగారు. అన్నయ్యగారంటే నా తోడబుట్టినవారు కాదు, మా ఆయన అక్కగారి భర్త.

మేమున్న ఊళ్ళో నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైపైన కాస్త మెత్తబడుతుంది గానీ లోపలంతా రాయే. ఆ రాతిలోకి స్తంభాలు దించి వాటి మీద ఇల్లు నిలబెడతారు. ఇంట్లో వేడి కిందికి దిగి నేల కరిగిందా, రాయి కాస్తా బురదవుతుంది, ఇల్లు అందులోకి దిగబడుతుంది. అందుకని నేలకూ ఇంటి అడుగుకూ మధ్య మనిషి వంగి దూరేంత ఖాళీ వదలాలి. చలిగాలి అటునుంచి ఇటు ఆడుతూ ఉండాలి. ఇంజనీరుగా మా ఆయన ఉద్యోగమంతా ఇలాంటి చలి ఊళ్ళలోనే గడిచింది. ఏ ఊరు వెళ్ళినా చెప్పే మాట ఒక్కటే: "ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఇంటి కింద చలిగా ఉండాలి."

పెళ్ళైన కొత్తలో ఇదేదో వేదాంతమనుకున్నాను. పోనుపోను తెలిసింది, ఆయనకు వేదాంతం రాదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం తప్ప మరేమీ రాదు. కూరలో ఉప్పెక్కువైతే ఎంత ఎక్కువైందో కూడా చెప్పే మనిషి. "బాగుంది అని ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయింది" అని నేను పోట్లాడేదాన్ని. "బాగుంటే బాగుందనే అంటాగా" అనేవాడు.

ఆ చలికాలం మేము ఆయన కట్టించిన నాలుగంతస్తుల ఇంట్లోనే ఉన్నాం. వండినవాడు ముందు తిని చూపించాలని ఆయనే పట్టుబట్టి మూడో అంతస్తులో వాటా తీసుకున్నాడు. అన్నిటికంటే కింది అంతస్తులో, తూర్పు మూల వాటాలో మా వదినగారు, అన్నయ్యగారు ఉండేవారు.

వాళ్ళిద్దరూ కలిసి ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు నడిపినవాళ్ళు. కిందటి వేసవిలో అన్నయ్యగారికి పక్షవాతం వచ్చింది. అప్పుడు వాళ్ళు వేరే ఇంట్లో పై అంతస్తులో ఉండేవారు. మెట్ల మలుపుల్లో స్ట్రెచర్ తిరగక, ఆయన్ని కిందికి దించేసరికి చాలా ఆలస్యమైంది. కాస్త ముందు తెచ్చుంటే కాలు దక్కేదని డాక్టరు అన్నాడట. ఆ ఒక్కమాట వదిన మనసులో మేకులా దిగింది. ఇక జన్మలో మెట్ల మలుపులున్న ఇంట్లో ఉండనంది. కొట్టు మూసేసి, అద్దాలు కోసే బల్లతో సహా తమ్ముడి ఇంటి కింది వాటాలోకి వచ్చేసింది. అన్నయ్యగారికి కుడికాలు చచ్చుబడిపోయింది, మాట తడబడుతుంది గానీ హాస్యం మాత్రం ఎక్కడికీ పోలేదు.

చలి ముదిరేసరికి కింది వాటాలవాళ్ళకు అరికాళ్ళు జివ్వుమనడం మొదలైంది. ఎందుకు అనవు, నేలకింద గాలి ఈల వేస్తూ తిరుగుతుంటే? కిందటేడే ఒకరిద్దరు స్తంభాల మధ్య పలకలు కొట్టారు. ఈ ఏడు చూసిన ప్రతివాళ్ళూ కొట్టారు. ప్లైవుడ్ ముక్కలు, పాత తలుపులు, విరిగిన మంచాల పట్టెలు, ఏది దొరికితే అది. ఒకాయన సినిమాహాలు మూసేసినప్పుడు కొనుక్కున్న "హౌస్‌ఫుల్" బోర్డు తెచ్చి కొట్టాడు. అది చూసి నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

నేను బస్ డిపోలో టికెట్ల కౌంటర్లో పనిచేసేదాన్ని. ఊరి ఫిర్యాదులన్నీ ఆ కిటికీలోంచే నాకు అందేవి. "మీ ఆయన ఇంటి బొమ్మ గీసేటప్పుడు మాకూ కాళ్ళుంటాయని మరిచిపోయారా?" అని ఒకావిడ చిల్లర తీసుకుంటూ అడిగింది. టికెట్టు చింపి ఇచ్చాను.

మెట్ల కింద హాల్లో మీటింగ్ పెట్టారు. మా ఇంటి సంఘానికి అధ్యక్షుడు రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. అందరూ గార్డు గారనే పిలిచేవాళ్ళం. మీటింగ్‌లో గోల ఎక్కువైతే జేబులోంచి ఈల తీసి ఊదేవాడు.

"ఇంజనీరు గారూ, నాకు చదువు తక్కువ. ఒక్కటి చెప్పండి. చలేస్తే మనిషి మూసుకుంటాడా, తెరుచుకుంటాడా?" అన్నాడు.

"మనిషి మూసుకోవాలి. ఇల్లు తెరుచుకోవాలి" అన్నాడు మా ఆయన.

అందరూ నవ్వారు. నేల ఎలా కరుగుతుందో, స్తంభం ఎలా జారుతుందో ఆయన చాలాసేపు చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చేతులెత్తమంటే పలకలు ఉంచాలనే చేతులే లేచాయి. మెట్లెక్కుతూ, "గోడలు నా మాట వింటాయోయ్. గోడల మధ్య ఉండేవాళ్ళతోనే చిక్కు" అన్నాడు నాతో.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేముందు సుత్తి పట్టుకుని తనే కొన్ని పలకలు ఊడదీసేవాడు. సాయంత్రానికి అవి మళ్ళీ వచ్చి కూర్చునేవి. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. చూసీ చూడనట్టు తప్పుకునేవారు. నలుగురూ తిట్టినా బాగుండేది.

అలా ఒక పొద్దున తూర్పు మూలకు వెళ్ళినవాడు, వదినవాళ్ళ వాటా కింద కొత్తగా కొట్టిన పలకలు చూశాడు. చక్కగా కోసి, అంచులు కలిపి, సందు లేకుండా కొట్టారు. ఫ్రేములు కట్టిన చేతుల పనితనం అది. నేనూ డిపోకు బయల్దేరుతూ ఆయన వెంట ఉన్నాను. ఇద్దరం లోపలికి వెళ్ళాం.

"అక్కా, నువ్వు కూడానా?"

వదిన అన్నయ్యగారి కుర్చీ ముందు కూర్చుని, ఆయన కుడి పాదానికి చుట్టిన గుడ్డ విప్పి చూపించింది. వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. చిటికెన వేలి పక్కన పుండు.

"నిన్న కాలు తుడుస్తుంటే చూశాను. చలికిట. ఎన్ని రోజుల్నించి ఉందో నాకే తెలియదు" అంది.

"నొప్పి... ఉంటేగా తెలియడానికి" అన్నారు అన్నయ్యగారు, మాటను ఏరుకుంటూ. "చాలా మర్యాదస్తురాలు బావా... ఈ కాలు. ఒక్క మాట... అనదు."

"కంబళ్ళు పరిచాను. వేడినీళ్ళ సంచి పెడదామంటే, కాలినా ఈయనకు తెలియదు, వద్దన్నాడు డాక్టరు. ఇంకోసారి ఇలా అయితే వేళ్ళు తీసెయ్యాలిట. అక్కడితో ఆగకపోతే పాదం" అంది వదిన.

"మా వాటాలోకి వచ్చెయ్యండి వదినా. మేము కిందికి వస్తాం" అన్నాను నేను.

"ఎక్కించడం కాదు అమ్మాయ్. దించడం. మళ్ళీ పక్షవాతం వస్తే ఎవరు దించుతారు?"

మా ఆయన సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రోజు ఎవరి పలకా ఊడదీయకుండా ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే వదినవాళ్ళ ముందుగది గోడ మీద, కిటికీ పైమూల నుంచి వెంట్రుకలాంటి పగులు ఒకటి కనిపించింది. పగుళ్ళన్నీ చెడ్డవి కావు, కొన్ని పుట్టి ఊరుకుంటాయి, కొన్ని నడుస్తాయి. నడిచేదో కాదో తెలుసుకోవడానికి ఇంజనీర్లకు ఒక పాత పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు కొసలనూ ప్లాస్టర్ ముద్దతో గోడకు అతికిస్తారు. గోడ కదిలితే అద్దం సాగదు కాబట్టి పగులుతుంది. అద్దం నిలిచిందంటే గోడ నిలిచినట్టే.

"అక్కా, సన్నగా రెండు ముక్కలు కోసిపెట్టవే" అన్నాడు ఆయన. వదిన కళ్ళజోడు పెట్టుకుని, అద్దం కోసే కలంతో ఒక్క గీత గీసి, బొటనవేళ్ళతో టక్కున విరిచి ఇచ్చింది. ఆ పని చేసేటప్పుడు ఆవిడ ముఖం కొట్టు రోజుల్లో ఉన్నట్టు ఉండేది.

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆయన టార్చిలైటు వేసి ఆ అద్దాన్ని చూసేవాడు. వెలుతురు అద్దానికి తగిలి, ఎదుటి గోడ మీద చిన్న తెల్లటి మచ్చ పడేది. కుర్చీలో కూర్చున్న అన్నయ్యగారికి అదొక కాలక్షేపమైపోయింది. "చందమామ... వచ్చాడు" అనేవారు. అద్దం చూడటం అయ్యాక మా ఆయన టార్చిని అటూ ఇటూ ఆడించి చందమామను కాసేపు గోడంతా తిప్పేవాడు. పెద్దమనుషులిద్దరూ అలా ఆడుకోవడం చూసి నేనూ వదినా నవ్వుకునేవాళ్ళం.

మొదటి అద్దం నాలుగు రోజులు కూడా నిలవలేదు. మేమంతా టీ తాగుతుంటే టిక్‌మని చిన్న చప్పుడైంది. మా ఆయన కప్పు కింద పెట్టి లేచి చూశాడు. అద్దం నిలువునా రెండుగా చీలింది. ఆ పూట ఆయన భోజనం దగ్గర కూర్చుని కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. మర్నాడూ అంతే. వదిన తమ్ముడి కంచం వైపే చూస్తూ ఉండేది.

చీలిన అద్దం మాత్రం మీటింగ్ చెయ్యలేని పని చేసింది. మా ఆయన పై అంతస్తులవాళ్ళందరినీ పిలిచి చూపించాడు. ప్రాణభయం ముందు అరికాళ్ళు ఏపాటి? రెండు రోజుల్లో ఇంటి చుట్టూ పలకలన్నీ ఊడిపోయాయి. గార్డు గారే ఈల వేసి మరీ దగ్గరుండి తీయించాడు. చివరికి తూర్పు మూల మిగిలింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు ఇంజనీరు గారూ" అంటూ గార్డు గారు వదినవాళ్ళ తలుపు తట్టాడు. లోపలికి వెళ్ళాడు. అన్నయ్యగారి కాలు చూశాడు. బయటికి వచ్చి ఈల జేబులో వేసుకుని, "మీ ఇష్టం. నేను చెప్పలేను" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు మా ఆయన అక్కను కూర్చోబెట్టి మాట్లాడాడు. నేనూ ఉన్నాను.

"అక్కా, చుట్టూ నేల మళ్ళీ గట్టిపడుతుంది. ఇంకా చాలా చలికాలం ఉంది. చుట్టూ గట్టిపడితే ఈ మూల కూడా నిలవొచ్చు. నిలవకపోనూవచ్చు. కొత్త అద్దం పెడుతున్నా. అది నిలిస్తే చలి తగ్గేదాకా నీ పలకలు ఉండనిద్దాం. పగిలితే మాత్రం ఆ రోజే తీసేస్తా. బావను ఎక్కడికి తీసుకెళ్ళాలో అప్పుడు చూద్దాం. ఏమంటావు?"

"సరేరా" అంది వదిన. లేచి తనే అద్దం కోసి ఇచ్చింది.

ఆ అద్దం నిలిచింది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది, రోజూ సాయంత్రం చందమామ గోడ మీద వచ్చి పోతూనే ఉన్నాడు. మా ఆయన మళ్ళీ ఆకలితో తిన్నాడు, మళ్ళీ ఉప్పు సంగతి ఎత్తాడు, నేను మళ్ళీ పోట్లాడాను. అన్నయ్యగారి పుండు మానింది. వేళ్ళకు రంగు వచ్చింది. వదిన ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, "చూడమ్మాయ్, పసిపిల్లల కాలులా అయింది" అని చూపించింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో అందరికంటే సంతోషంగా ఉన్నది నేనే అనుకుంటాను.

మా పడకగది తలుపు బిగుసుకోవడం ఆ రోజుల్లోనే. రెండు చేతులా తోస్తే గానీ తెరుచుకునేది కాదు. స్నానాలగదిలో నీళ్ళు తూముకు పోకుండా తూర్పువైపు మూలన నిలిచేవి. ఆయనతో చెప్పాను. ఆయన కిందికి వెళ్ళి అద్దం చూసి వచ్చాడు. "అద్దం నిక్షేపంలా ఉంది. తలుపు చెక్క ఉబ్బి ఉంటుంది" అన్నాడు. నీళ్ళు కూడా ఉబ్బాయా అని అడిగాను. "మనిషి మాట నమ్మకపోయినా అద్దం మాట నమ్మాలోయ్. దానికి మొహమాటం ఉండదు" అన్నాడు. నమ్మాలని ఆయనకు ఎంత ఆశగా ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. నాకూ అంతే ఆశ. తలుపును తోసి తెరవడం అలవాటు చేసుకున్నాను.

చలికాలం చివరికి వచ్చింది. ఒక సాయంత్రం ఎప్పటిలాగే వదినవాళ్ళింట్లో కూర్చున్నాం. వదిన బల్ల దగ్గర టీ పోస్తోంది. మా ఆయన కోటు విప్పకుండానే టార్చి వేశాడు.

"ఇవాళ... చందమామ రాలేదే" అన్నారు అన్నయ్యగారు.

మా ఆయన టార్చిని కొంచెం పైకి, కొంచెం పక్కకు తిప్పాడు. ఎదుటి గోడ మీద ఏమీ పడలేదు. దగ్గరికి వెళ్ళి అద్దం మీద బొటనవేలితో నిమిరాడు. ఫ్రేములు కట్టే చోట రెండు రకాల అద్దాలుంటాయని నాకు ఆ ఇంట్లో తిరిగే తెలిసింది. ఒకటి మామూలుది. రెండోది పైన కాస్త గరుగ్గా చేసింది, వెలుతురు పడినా మెరవదు, ఫొటోలో ముఖం స్పష్టంగా కనపడాలనుకునేవాళ్ళు అదే వేయించుకుంటారు.

ఆయన టార్చి ఆర్పేశాడు.

"అక్కా, మామూలు అద్దం అయిపోయిందా?" అని అడిగాడు.

వదిన చేతిలో గిన్నె వంచినట్టే ఉంది. కప్పు నిండి టీ సాసర్లోకి కారింది.

"అయిపోయిందిరా" అంది.

అన్నయ్యగారు ఒకసారి భార్య ముఖంలోకి, ఒకసారి బావమరిది ముఖంలోకి చూశారు. ఏమీ అర్థం కాక నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"ఎప్పట్నించి అక్కా?"

"నువ్వు పెట్టిన రెండోది మూడో రోజే పోయింది. నువ్వు ఆఫీసులో ఉన్నావు. కొత్తది కోసి పెట్టాను. అది పోతే ఇంకోటి. పోయినప్పుడల్లా పెడుతూ వచ్చాను" అంది వదిన. సాసర్లోని టీ మళ్ళీ కప్పులోకి వంచుతూ చెప్పింది. "పలకలు తీస్తే ఈయన కాలు పోతుంది. తియ్యకపోతే ఇల్లు పోతుందన్నావు. ఇల్లయితే మా తమ్ముడు చూసుకుంటాడులే అనుకున్నాను. పోయినా నువ్వు మళ్ళీ కట్టగలవు. కాలు ఎవరు కడతార్రా?"

మా ఆయనకు కోపం వస్తుందేమోనని చూశాను. వచ్చినా బాగుండేది. ఆయన అక్క చేతిలోంచి కప్పు తీసుకుని, నిలబడే ఆ టీ తాగాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి ఇంటి కిందికి దూరాడు. లైటు పట్టుకోవడానికి నేను వెంట వెళ్ళాను. వంగి నడుస్తూ మధ్యభాగం దాటేదాకా చలి ముఖానికి కొట్టింది, నేల కాలికి రాయిలా తగిలింది. తూర్పు మూల పలకల వెనక్కి వెళ్ళేసరికి ముక్కుకు తడిమట్టి వాసన తగిలింది. చలికాలంలో ఆ ఊళ్ళో నేను ఎన్నడూ ఎరగని వాసన అది. ఆయన తెచ్చిన ఇనపకడ్డీని స్తంభం పక్కన నేలకు ఆనించి నొక్కాడు. సుత్తి అవసరం పడలేదు. కడ్డీ నెమ్మదిగా దిగుతూనే పోయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"ఇప్పుడు పలకలు తీసేస్తే?" అన్నాను.

"ఇప్పుడా? నెల ముందు తెలిసుంటే పట్టుకునేవాణ్ణి. అప్పటికి చలి బోలెడంత ఉంది. వారం పది రోజులు గాలి ఆడినా మూల మళ్ళీ బిగుసుకునేది. ఇప్పుడు చలి ఎక్కణ్ణుంచి తేనోయ్?"

జీవితమంతా చలితో పోట్లాడిన మనిషి చలి కోసం అలా దేబిరించడం చూస్తే నాకు దుఃఖం ఆగలేదు. ఆ చీకటిగుంటలో, నెత్తి మీద వదిన నడుస్తున్న అడుగుల చప్పుడు వింటూ, ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. చెయ్యగలిగింది ఏదైనా ఉంటే మా ఆయన అలా కూర్చునే రకం కాదు.

అయినా పలకలు తీశాడు. ఇక అవసరం లేదు కాబట్టి వదిన కూడా అడ్డు చెప్పలేదు. ఎండ రానే వచ్చింది. చూరుల నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారడం మొదలైంది. ఊరంతా కిటికీలు తెరుచుకుని చలి పోయిందని సంబరపడుతుంటే, మేమిద్దరం ఆ బొట్ల చప్పుడు వింటూ బిక్కచచ్చి కూర్చునేవాళ్ళం. కొన్నాళ్ళకు రెండో అంతస్తు మలుపులో మెట్లకూ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు పడింది. మా ఆయనే ఆఫీసుకు వెళ్ళి, ఇల్లు ఖాళీ చేయించండి అని చెప్పి వచ్చాడు. తను కట్టించిన ఇంటి గురించి తన నోటితోనే.

హాల్లో మళ్ళీ మీటింగ్. ఈసారి ఈల అవసరం లేకపోయింది. అందరూ నెమ్మదిగానే ఉన్నారు.

"పలకలు తీశాంగా?" అని అడిగాడు గార్డు గారు.

"తీశారు."

"మీరు రోజూ అద్దాలు చూశారుగా?"

"చూశాను."

"మరి?"

"చూశాను. కనిపెట్టలేకపోయాను" అన్నాడు మా ఆయన.

అదీ నిజమే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అద్దాల సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. డిపోలో నా కిటికీ ముందు నిలబడి జనం నోటికొచ్చినట్టు అన్నారు. తన కొంపే నిలబెట్టుకోలేనివాడు ఇంకెవరి ఇల్లు నిలబెడతాడన్నారు. వేరే ఊళ్ళో ఆయన చెయ్యాల్సిన ఆసుపత్రి పని ఇంకొకరికి ఇచ్చారు. ఆఫీసులో ఆయన బల్ల మీద ఉన్న ఆసుపత్రి బొమ్మలన్నీ చుట్టలు చుట్టి తీసుకుపోయారట. ఆ మాట చెప్పి, "మంచివాడికే ఇచ్చారు. బాగా చేస్తాడు" అన్నాడు.

సామాన్లు దించుకున్న రోజున వాకిలంతా బురద. వదినవాళ్ళది కింది వాటా కాబట్టి అన్నయ్యగారిని మెట్ల మలుపుల్లో దించే పనే లేకపోయింది. నలుగురు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి గుమ్మం ముందున్న నాలుగు మెట్లూ దాటించారు. రెండు కాళ్ళకూ బూట్లు. కప్పిన కంబళి జారిపోతే వదిన పరుగెత్తబోయింది. "వద్దులే" అన్నారు ఆయన. "నిండా మునిగినవాడికి... చలేమిటి."

మోసేవాళ్ళు నవ్వారు. సామాను సర్దుకుంటున్న గార్డు గారు కూడా నవ్వాడు. వదిన మాత్రం కంబళి తీసుకుని ఆ కాళ్ళకు చుట్టబెట్టింది.

ఊరి చివర ఒకే అంతస్తు ఇల్లు ఒకటి దొరికితే రెండు కుటుంబాలూ అందులోనే సర్దుకున్నాం. అద్దాలు కోసే బల్లకు చోటు లేక వరండాలో నిలబెట్టి గుడ్డ కప్పాం. మా పాత ఇంటి తూర్పు మూల మరికాస్త కుంగిందనీ, చుట్టూ తాడు కట్టారనీ వచ్చేపోయేవాళ్ళు చెప్పేవారు. వదిన వినేది. ఏమీ అడిగేది కాదు. అన్నయ్యగారికి తినిపించేది, ఆయన కాలు తుడిచేది, తన కంచం దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు తాగి లేచేది. ఎంత బతిమాలినా వినలేదు. మనిషి పుల్లలా అయిపోయింది. "ఆమెను... ఎవరైనా తిట్టండమ్మా. తిడితే తింటుందేమో" అన్నారు అన్నయ్యగారు ఒకసారి నాతో. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. వదిన వడ్డించి, గరిటె కింద పెట్టి, తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, ఒకటి అడుగుతా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను ఆ అద్దాలు ముట్టుకోకుండా ఉంటే ఇల్లు నిలిచేదా?"

ఇంటి కింద తడిమట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన అన్న మాట నా చెవుల్లోనే ఉంది. ఆయనకు అబద్ధం రాదు. వచ్చుంటే మా కాపురంలో సగం పోట్లాటలు ఉండేవి కావు.

మా ఆయన తలెత్తి అక్కను చూశాడు.

"లేదక్కా. మొదటి అద్దం పగిలేసరికే అంతా అయిపోయింది. కింద చూశాగా. నువ్వు మార్చినా మార్చకపోయినా ఒకటే. నీ వల్ల బావ కాలన్నా దక్కింది."

తడుముకోలేదు. చూపు తిప్పుకోలేదు. ఏ ఊళ్ళో ఏ మీటింగ్‌లో చెప్పినా అదే గొంతు.

వదిన ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"వాడికి అబద్ధం ఆడటం రాదు కదమ్మాయ్?" అంది.

"రాదు వదినా" అన్నాను.

ఆవిడ కంచం దగ్గరికి లాక్కుంది. మొదటి ముద్ద కలిపి, దాన్ని కాసేపు వేళ్ళతో పట్టుకుని, నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద కలుపుతుంటే కళ్ళనీళ్ళు కంచంలోకే కారాయి. తుడుచుకోలేదు, తింటూనే ఉంది. అన్నయ్యగారు తన ఎడంచేత్తో ఆవిడ వైపు మంచినీళ్ళ గ్లాసు జరిపారు.

ఆ పూట వంట నాది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, కూరలో ఉప్పు బాగా ఎక్కువైంది. మా ఆయన మారు వడ్డించుకుని, ఏమీ అనకుండా తిని లేచాడు.